ఆడా లేదు, ఈడా లేదు: పట్నంలో నీడ లేని యువత

(ధర్పల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నగరాల్లో యువతీ యువకుల పేదరికం గురించి, వాళ్లకు ఇల్లు లేకపోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ధర్పల్లిలో కూర్చుని నగరాల సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నగరంలో హోటల్ వంటగదిలోనో, కట్టే బిల్డింగు మెట్ల కిందో, స్టేషన్ ప్లాట్‌ఫారం మీదో పడుకునే పిల్లల్లో చాలామంది మనలాంటి ఊళ్ల నుంచి బయల్దేరిన వాళ్లే. బయల్దేరిన చోట వాళ్ల గురించి పట్టించుకునే వాళ్లు లేకపోతే, చేరిన చోట పట్టించుకునే వాళ్లు ఎట్లా ఉంటారు? అందుకని ఈ విషయం ఇక్కడ మాట్లాడుకోవడమే సరైనదని నేను అనుకుంటున్నాను.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. ఇల్లు లేకపోవడమంటే నెత్తిన కప్పు లేకపోవడం ఒక్కటే కాదు. ఎవరో వచ్చి "రేపు పొద్దున ఖాళీ చెయ్యి" అంటే, "చెయ్యను" అనే హక్కు లేని చోట తల దాచుకోవడం కూడా ఇల్లు లేకపోవడమే. ఆ లెక్కన చూస్తే పట్నంలో బతుకుతున్న మన పిల్లల్లో ఎంతమందికి ఇల్లు ఉంది? మన చట్టాలు పిల్లల్ని చూస్తాయి. మన పథకాలు కుటుంబాల్ని చూస్తాయి. పద్దెనిమిదేళ్లు నిండి, పెళ్లి కాక, సంపాదన అంతంత మాత్రంగా ఉన్న ఒంటరి మనిషిని రెండూ చూడవు. ఆ మనిషి అమ్మాయి అయితే అసలే చూడవు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఎందుకు బయల్దేరుతున్నారు?

మన జిల్లాలో ఊరు వదలకుండా బతకడానికి ఒకప్పుడు ఉన్న దారుల్లో చక్కెర ఒకటి. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు వాళ్లకు అప్పగించింది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లలోనూ లేఆఫ్ ప్రకటించారు. ఫ్యాక్టరీ ఆగినప్పుడు పర్మినెంటు కార్మికులెందరు, వాళ్లకు రావలసిన బకాయిలెన్ని అనే లెక్కలు బయటికొచ్చాయి. అవి రావలసినవే. కానీ చెరకు నాటి, కలుపు తీసి కూలి తెచ్చుకున్న ఆడవాళ్ల పని ఎంత పోయిందో ఎవరి రిజిస్టరులోనూ లేదు. ఆ ఇళ్లలో అప్పటికి పదో తరగతిలోనో, ఇంటరులోనో ఉన్న పిల్లలు ఏమయ్యారన్న లెక్క కూడా లేదు. ఉద్యోగంతో వచ్చిన క్వార్టరు మీద హక్కు ఉద్యోగం ఉన్నంతకాలమే. మిల్లు మూతపడితే నౌకరీ ప్రశ్న వెనకే ఇంటి ప్రశ్న కూడా వస్తుంది.

ఇటు మన ధర్పల్లి వైపు బీడీ ఉంది. మీలో చాలామంది చాట ఒళ్లో పెట్టుకుని పిల్లల్ని చదివించిన వాళ్లే. బీడీ కార్మికులకు 2015లో వెయ్యి రూపాయల పింఛను వచ్చింది, 2019లో అది 2016 రూపాయలయింది. అది మన పోరాటానికి దక్కిన గుర్తింపే. కానీ తల్లి బీడీలు చుట్టి చదివించిన కొడుకు, కూతురు మళ్లీ ఆ చాట ముందు కూర్చోవాలని మనం కోరుకోం, వాళ్లూ కూర్చోరు. మరి ఎక్కడికి పోతారు? నిజామాబాద్ పోతారు, హైదరాబాద్ పోతారు. దేవగిరి రైలెక్కి బొంబాయి, భివండి పోతారు. పాస్‌పోర్టు, ఏజెంటు చేతిలో పెట్టడానికి అప్పు దొరికితే గల్ఫ్ పోతారు.

వీళ్లు ఇంట్లో కొట్లాడి పారిపోయిన వాళ్లని, సినిమా పిచ్చితో పోయిన వాళ్లని అనుకోవడం మనకు అలవాటు. అట్లాంటి వాళ్లూ ఉంటారు. ఎక్కువమంది మాత్రం ఇంటికి పైసలు పంపుదామని పోయినవాళ్లే. అందుకే అక్కడ ఎక్కడ పడుకుంటున్నారో ఇంట్లో చెప్పరు. ఫోనులో "మంచిగున్న" అంటారు. ఆ "మంచిగున్న" వెనక ఏముందో ఒకసారి చూద్దాం.

కప్పు ఉంది, హక్కు లేదు

హోటల్లో పనిచేసే పిల్లగాడు రాత్రి కుర్చీలు బల్లల మీద బోర్లించి, అక్కడే పక్కేసుకుంటాడు. ఓనరుకు కాపలా దొరికినట్టు, వాడికి కిరాయి మిగిలినట్టు. పని మానేసిన రోజున జీతం ఒక్కటే కాదు, పడక కూడా పోతుంది. అందుకే ఎంత తిట్టినా, నెలల తరబడి జీతం ఆపినా వాడు మానలేడు. నోరు తెరవకపోవడానికి కారణం భయమనుకుంటాం. ఆ భయానికి కారణం వేరే పడక లేకపోవడం.

బిల్డింగు పనిలో ఉన్న వాళ్ల సంగతి చూడండి. నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన కేంద్ర చట్టం పని జరిగే చోట యజమాని ఉచితంగా తాత్కాలిక నివాసం ఇవ్వాలని చెప్పింది. అయితే అది ఆ పని నడిచినన్నాళ్లకే. నాలుగంతస్తులు పూర్తయి గృహప్రవేశం జరిగే నాటికి, దాన్ని కట్టిన వాడు మూట సర్దుకోవలసిందే.

భివండి పవర్‌లూముల్లో మన తెలుగు వాళ్లు తరాలుగా పనిచేస్తున్నారు. అక్కడ ఒకే గది, ఒకే పరుపు రెండు షిఫ్టుల మనుషులకు సరిపోవాలి. పగటి షిఫ్టు వాడు లేచిపోతే రాత్రి షిఫ్టు వాడు వచ్చి పడుకుంటాడు. జ్వరమొచ్చి ఒకడు లేవలేకపోతే రెండోవాడికి చోటు లేదు.

చదువుకున్న పిల్లలకు హాస్టళ్లున్నాయి కదా అంటారు. 2020 మార్చి 25న హైదరాబాద్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. లాక్‌డౌన్ మొదలవగానే అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్, కూకట్‌పల్లి వైపు ఎన్నో ప్రైవేటు హాస్టళ్లు పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. కోచింగులకు వచ్చినవాళ్లు, చిన్న ఉద్యోగాలు చేసుకునే వాళ్లు బ్యాగులు పట్టుకుని పోలీసు స్టేషన్ల ముందు పాసుల కోసం వరసలు కట్టారు. బస్సుల్లేవు, రైళ్లు లేవు. పాసు దొరికి ఆంధ్ర వైపు పోయినవాళ్లు సరిహద్దులో గరికపాడు దగ్గర ఆగిపోయారు. తర్వాత ప్రభుత్వం హాస్టళ్లు మూయవద్దని చెప్పింది. కానీ అప్పటికే ఒక సత్యం బయటపడింది. నెల నెలా డబ్బు కడుతూ, మాకు పట్నంలో చోటుంది అనుకున్న వేలాది మందికి ఒక్క రోజులో ఆ చోటు లేకుండా పోవచ్చునని తేలింది.

అట్లా ఎందుకు పోయిందంటే, దానికి చట్టంలో ఉన్న తేడా ఒకటి తెలుసుకోవాలి. ఇల్లో, గదో పూర్తిగా మీ స్వాధీనంలోకి ఇస్తే అది కిరాయి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇంట్లో కిరాయిదారును కారణం చూపకుండా, ఆ చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా వెళ్లగొట్టడానికి వీల్లేదు. హాస్టల్లో మంచం తీసుకున్న వాళ్లను మామూలుగా కిరాయిదారు కింద చూడరు. అక్కడ ఉండటానికి అనుమతి పొందిన మనిషి కింద చూస్తారు. అనుమతి ఇచ్చినవాడు దాన్ని వెనక్కి తీసుకోగలడు. ఈ తేడా 1882 నాటి చట్టాల నుంచి వస్తోంది. మన పిల్లలు పట్నంలో బతికే బతుకు ఎక్కువ భాగం ఈ "అనుమతి" కిందే ఉంది. ఓనరు అనుమతి, మేస్త్రీ అనుమతి, హాస్టల్ వాళ్ల అనుమతి, చుట్టాల అనుమతి.

ఆడపిల్ల ఎక్కడ పడుకుంటోంది?

"ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అని మనలో ఒక మాట ఉంది. పుట్టింట్లో ఉండగానే నువ్వు ఇక్కడి దానివి కాదని చెప్పే మాట అది. పెళ్లయి పోయాక అక్కడ గొడవైతే "మీ ఇంటికి పో" అంటారు. రెండు ఇళ్ల మధ్య ఆమె ఇల్లు ఎక్కడ?

కొడుకు ఊరు విడిస్తే "పట్నం పోయిండు" అంటాం. కూతురు ఊరు విడిస్తే "లేచిపోయింది" అంటాం. ఒకే పనికి రెండు మాటలు. మొదటి మాటలో తిరిగొచ్చే దారి ఉంది, రెండో దాంట్లో లేదు. ఈ ప్రాంతం నుంచే పోయిన ఒక అమ్మాయి నాతో చాలాసేపు మాట్లాడింది. ఇంటరు అయ్యాక సంబంధం ఖాయం చేస్తే వద్దని హైదరాబాద్ వెళ్లి బట్టల దుకాణంలో చేరింది. మొదటి నెల స్నేహితురాలి గదిలో ఉంది. ఆ అమ్మాయికి పెళ్లి కుదరడంతో గది పోయింది. తర్వాత దూరపు చుట్టాల ఇంట్లో ఉంటూ రెండు పూటలా వంట, అంట్లు చేసింది. ఆ ఇంటి మగాడి చూపు తట్టుకోలేక బయటికొచ్చింది. చివరికి తోటి పనివాడితో కలిసి ఉంది. "ప్రేమనా అక్కా అని అందరూ అడుగుతరు. నాకు రాత్రి తలుపు గొళ్లెం పెట్టుకునే జాగ కావాలె, అంతే" అంది.

ఈ అమ్మాయి ఒక్క రాత్రి కూడా ఫుట్‌పాత్ మీద పడుకోలేదు. కాబట్టి ఏ లెక్కలోనూ ఇల్లు లేని మనిషి కాదు. 2011 జనగణన దేశంలో ఇల్లు లేని వాళ్లు 17.73 లక్షలని, అందులో పట్టణాల్లో ఉన్నవాళ్లు 9.38 లక్షలని చెప్పింది. ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి రోడ్ల పక్కన, ప్లాట్‌ఫారాల మీద, ఫ్లైఓవర్ల కింద, గుళ్ల మండపాల్లో తిరిగి ఆ లెక్క తీశారు. హోటల్లో బల్లల మధ్య పడుకున్న పిల్లగాడు అందులో రాడు. వేరే దిక్కు లేక ఎవరి పంచనో చేరిన అమ్మాయి అసలే రాదు. బయట పడుకోవడం ఆడపిల్లకు ప్రాణాపాయం. అందుకని ఆమె ఏ కప్పు దొరికితే దాని కింద చేరుతుంది, ఏ ధర అడిగితే అది చెల్లిస్తుంది. ఆ ధర ఒకసారి వెట్టి పని, ఒకసారి శరీరం, ఒకసారి ఇష్టం లేని పెళ్లి.

ఇక్కడ కార్యకర్తలు గట్టిగా పట్టుకోవలసిన చట్టం ఒకటుంది. 2005 గృహహింస చట్టాన్ని ఎక్కువగా భర్త ఇంటి మీదే వాడుతున్నారు. కానీ ఆ చట్టంలో కుటుంబ సంబంధమంటే పెళ్లి సంబంధం ఒక్కటే కాదు, రక్తసంబంధం కూడా. 17వ సెక్షను ఇచ్చిన నివాస హక్కు కూతురికీ, అక్కచెల్లెళ్లకూ, తల్లికీ ఉందని 2022 మేలో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తండ్రి, అన్న కలిసి హింసించి ఇంటి నుంచి గెంటేసిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి రక్షణ అధికారి దగ్గరికి పోవచ్చు, మేజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు పెట్టవచ్చు. ఇంటికి తిరిగి పోవడం ప్రమాదమైతే, ఆశ్రయ గృహంలో చోటు అడిగే వీలు 6వ సెక్షను కింద ఉంది. ఈ సంగతి తెలిసిన అమ్మాయిలు ఎంతమంది?

పద్దెనిమిది నిండిన మర్నాడు

స్టేషన్లో ఒంటరిగా దొరికిన పిల్లల కోసం ఒక వ్యవస్థ ఉంది. 1098కి ఫోన్ చేయవచ్చు. బాలల సంక్షేమ సమితి ముందు హాజరు పెడతారు. ఇంటికి పంపలేకపోతే హోంలో ఉంచుతారు. అది అన్నిచోట్లా బాగా నడుస్తోందని నేను అనను. కానీ అడగడానికి ఒక తలుపుంది. పద్దెనిమిది నిండిన మర్నాడు ఆ తలుపు మూసుకుంటుంది.

2015 బాలల న్యాయ చట్టం 46వ సెక్షను హోం నుంచి బయటికి వచ్చేవాళ్లకు ఆర్థిక సహాయం ఇవ్వవచ్చునంది. 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 ఏళ్ల వరకు తర్వాతి సంరక్షణ ఇచ్చే వీలుంది. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు నెలకు 4000 రూపాయలు చూపించాయి. మంచిదే. కానీ ఇది హోంలో పెరిగిన వాళ్లకే. పద్దెనిమిది దాటాక ఇల్లు పోగొట్టుకున్న వాళ్లకు, ఏ హోం రిజిస్టరులోనూ పేరు లేని వాళ్లకు వర్తించదు. మన ఇళ్లలో ఇరవై ఏళ్ల పిల్లను ఇంకా తల్లిదండ్రుల నీడలోనే ఉంచుతాం. తల్లిదండ్రులు లేని పిల్ల మాత్రం పద్దెనిమిదో ఏట ఒంటి కాలి మీద నిలబడాలంటాం.

ఇళ్ల పథకాలను చూద్దాం. 2015లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన లబ్ధిదారు కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు అని రాసుకుంది. మన రాష్ట్రంలో డబుల్ బెడ్రూం ఇంటిని గృహిణి పేరు మీద ఇవ్వాలన్నారు. ఆడవాళ్ల పేరు మీద ఆస్తి ఉండాలని మనం చేసిన పోరాటం అందులో ఉంది. అయినా "గృహిణి" కాని ఆడది ఆ దరఖాస్తులో ఎక్కడా లేదు. పెళ్లి అయితేనే ఇల్లు అనే పాత కట్టుబాటును ప్రభుత్వ ఫారం కూడా ఒప్పుకున్నట్టయింది.

షెల్టరు దయ కాదు

పట్టణాల్లో ఇల్లు లేని వాళ్లకు చోటు చూపించడం మున్సిపాలిటీ దయ మీద ఆధారపడిన పని కాదు. 1985లోనే ఓల్గా టెల్లిస్ కేసులో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల గురించి చెబుతూ, బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు అంది. 2001లో వేసిన ఆహార హక్కు కేసులో, 2010 నుంచి ఇచ్చిన ఉత్తర్వుల్లో, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు ఉండాలంది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దీన్ని పథకంగా మార్చింది. లక్ష జనాభాకు కనీసం వందమందికి సరిపోయే శాశ్వత షెల్టరు, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, ఆడవాళ్లకు విడిగా ఏర్పాటు అని రాసింది. 2011 లెక్కల్లోనే నిజామాబాద్ జనాభా మూడు లక్షలు దాటింది. అంటే ఆ కొలత ప్రకారం మన నగరంలో కనీసం మూడు వందల మందికి చోటు ఉండాలి. అందులో ఆడవాళ్లకు ఎన్ని పడకలు? ఒంటరి అమ్మాయి రాత్రి పదింటికి బస్టాండులో దిగితే ఎక్కడికి పోవాలో చెప్పే బోర్డు ఉందా? సఖి కేంద్రంలో ఐదు రోజుల వరకు ఆశ్రయం ఉంటుంది. ఆరో రోజు సంగతి ఎవరు చూస్తారు?

షెల్టరు కట్టడం కంటే మనుషుల్ని కనబడకుండా చేయడం తేలిక. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగే ముందు పోలీసులు రోడ్ల మీద అడుక్కోవడాన్ని నిషేధించారు. అడుక్కునే వాళ్లను పట్టి జైళ్ల ఆవరణల్లో ఉన్న ఆశ్రమాలకు తరలించారు. మరుసటి సంవత్సరం ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, అక్కడ అమల్లో ఉన్న భిక్షాటన నిషేధ చట్టంలోని శిక్షా నిబంధనలను కొట్టేసింది. మనిషి అడుక్కునే స్థితికి చేరడం రాజ్యం తన బాధ్యత నెరవేర్చకపోవడం వల్లే కాబట్టి, ఆ మనిషిని శిక్షించడం సరికాదని ఆ తీర్పు సారాంశం. మన రాష్ట్రంలో 1977లో వచ్చిన చట్టం గురించి కూడా మనం ఇదే ప్రశ్న అడగాలి.

మనం చేయగలిగినవి

మిత్రులారా, పెద్ద మాటలు చెప్పుకుని లేచిపోతే లాభం లేదు. మన సంఘాలు ఈ మూడు నెలల్లో మొదలుపెట్టగల పనులు కొన్ని చెప్తాను.

మొదటిది, లెక్క. ఊరూరా మన సంఘాల ద్వారా, పదహారు నుంచి పాతికేళ్ల లోపు ఎవరు ఊరు విడిచారో రాద్దాం. ఎక్కడ పనిచేస్తున్నారని మాత్రమే కాదు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారని అడుగుదాం. పేర్లు బయటపెట్టవద్దు. లెక్క చాలు.

రెండోది, సమాచార హక్కు దరఖాస్తు. నిజామాబాద్, బోధన్ పట్టణాల్లో షెల్టర్లు ఎన్ని, ఆడవాళ్లకు పడకలు ఎన్ని, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, గత మూడేళ్లలో ఎంత ఖర్చు చేశారు, హోంల నుంచి బయటికొచ్చిన ఎంతమందికి తర్వాతి సంరక్షణ డబ్బు అందింది అని అడుగుదాం. జవాబు వచ్చాక షెల్టరుకు రాత్రిపూట స్వయంగా పోయి చూద్దాం.

మూడోది, కాగితాలు. ఇల్లు లేదని ఓటు లేకుండా పోదు. ఇల్లు లేని వాళ్లు నివాస రుజువు చూపనక్కర లేదని, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి వాళ్లు అక్కడ పడుకుంటున్నారో లేదో చూసుకుంటే చాలని ఎన్నికల సంఘం నిబంధనే చెబుతోంది. ఓటున్న మనిషిని ఎత్తేయడానికి కొంచెమైనా ఆలోచిస్తారు.

నాలుగోది, మన ఊళ్లో మాట. పట్నం పోయే ప్రతి పిల్ల చేతిలో 181 నంబరు, సఖి కేంద్రం చిరునామా, మన సంఘంలో ఒకరి ఫోన్ నంబరు ఉండాలి. తిరిగొచ్చిన పిల్లను "ఎవరితో పోయినవ్?" అని కాకుండా "తిన్నవా బిడ్డా?" అని అడిగే నాలుగు ఇళ్లు ప్రతి ఊళ్లో ఉండాలి. ఇది పథకాలతో వచ్చేది కాదు, మనతోనే వస్తుంది.

ఇక ప్రభుత్వాన్ని అడగవలసినవి. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల వరకు ఒంటరి యువతీ యువకులకు తక్కువ కిరాయి వసతి గృహాలు జిల్లా కేంద్రాల్లో కావాలి. ఉద్యోగం ఉన్నట్టు కాగితం తెమ్మనకుండా, ఉద్యోగం వెతుక్కునే కాలానికే చోటివ్వాలి. హాస్టల్లో ఉన్నవాళ్లకు నోటీసు లేకుండా ఖాళీ చేయించకూడదనే నిబంధన రావాలి. ఇళ్ల పథకాల్లో పెళ్లితో సంబంధం లేకుండా ఒంటరి స్త్రీని ఒక యూనిట్‌గా గుర్తించాలి.

ఇవన్నీ ఒక్కసారి రావు. బీడీ కార్మికులకు గుర్తింపు కార్డు, పీఎఫ్ కూడా ఒక్కసారి రాలేదు. వాటి కోసం ఎన్నిసార్లు కలెక్టరేటు మెట్లెక్కారో ఇక్కడున్న పెద్దవాళ్లకు తెలుసు. ఈసారి పిల్లల పడక కోసం ఎక్కుదాం. సమాచార హక్కు దరఖాస్తు నమూనా ఇక్కడే ఉంది. ప్రతి ఊరి నుంచి ఇద్దరు చొప్పున తీసుకెళ్లండి.